రహీం సాబ్ మైదాన్‌లో ఎవరి రఫ్తార్ వారిది

హైదరాబాద్ ఫుట్‌బాల్ తారీఖ్ అనగానే అందరూ జకార్తా దగ్గర మొదలుపెడతారు. 1962 సెప్టెంబర్ 4, ఏషియన్ గేమ్స్ ఫైనల్, సౌత్ కొరియా మీద 2-1. ఆ కిస్సా మీద సినిమా కూడా వచ్చేసింది కాబట్టి నేను మళ్లీ చెప్పను. నాకు అంతకు ముందు సంగతి కావాలి. ఆ ఆటగాళ్లు ఇంకా ఎవరికీ తెలియని కుర్రాళ్లుగా ఉన్నప్పుడు వాళ్లను ఎవరు చూశారు, ఎంత సబర్‌తో చూశారు?

ఇది అడగడానికి వజా ఉంది. పిల్లల సెలెక్షన్ ట్రయల్స్ కవర్ చేయడానికి ఎప్పుడు వెళ్లినా వాలిదైన్ ముఖాల్లో ఒకటే ఫికర్ కనిపిస్తుంది. మావాడికి పదమూడేళ్లు, ఇంకా ఖద్ రాలేదు. పక్కవాడికి మీసాలు కూడా వచ్చేశాయి. ఒకే ఏడాది పుట్టినవాళ్లయినా జనవరి పిల్లాడికీ డిసెంబర్ పిల్లాడికీ దాదాపు పదకొండు నెలల తేడా. ఎముకల లెక్కన చూస్తే ఒకే వయసు పిల్లల మధ్య రెండు మూడేళ్ల ఫరక్ కూడా ఉండొచ్చు. అయినా బలంగా ఉన్నవాడు లోపలికి, బక్కవాడు ఇంటికి. అందుకే కొందరు కాగితాల మీద ఉమర్ తగ్గిస్తారు, ఆ చోరీ పట్టుకోవడానికి ఫెడరేషన్ మణికట్టు ఎక్స్‌రేలు తీయిస్తుంది. ఎక్స్‌రే అబద్ధాన్ని పట్టుకుంటుంది గానీ, రేపు ఎవరు ఆడతారో చెప్పదు.

సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ అసలు పేశా టీచర్. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్: ఇవి ఆయన పనిచేసిన చోట్లు. (ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని, ఈ పేర్లు రాస్తుంటే కాస్త ఫఖర్‌గానే ఉంటుంది, మాఫ్ చేయండి.) 1950లో సిటీ పోలీస్ టీమ్ ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాది నుంచి 1954 దాకా రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు ఆ టీమ్‌దే. అయితే నాకు కప్పుల కంటే ఆయన పెట్టిన వేరే పోటీలు గొప్పగా అనిపిస్తాయి. చేతకాని కాలితోనే ఆడే టోర్నమెంట్. డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంట్. అక్కడ తోసుకుపోయే తాఖత్‌తో, ఒక్కడే బంతి తిప్పుకునే షోకుతో పని జరగదు. ఎవడు నేర్చుకుంటున్నాడో ఉస్తాద్ కళ్లకు తెలిసిపోతుంది.

తులసీదాస్ బలరాం సంగతి చూడండి. సికింద్రాబాద్ అమ్ముగూడలో గరీబు ఇంటి పిల్లాడు. పోలీసుల పాత బూట్ల తోలుతో మోచీ కుట్టిచ్చిన బూట్లతో ఆడాడు. రహీం సాబ్ హైదరాబాద్ రమ్మంటే, రోజూ అంత దూరం రావడానికి పైసలెక్కడివి అన్నాడు. అద్దె సైకిల్‌కు డబ్బులిచ్చి రప్పించింది ఆయనే. 1956లో ఇరవయ్యేళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్. అక్కడ మన టీమ్ నాలుగో స్థానం. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్. 1963లో బీమారీ వల్ల ఆట ఆగిపోయింది. ముప్పై కూడా రాలేదు.

పీటర్ తంగరాజ్ దారి పూర్తిగా వేరు. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆయన మొదట సెంటర్ ఫార్వర్డ్. తర్వాత ఫౌజ్‌లో, మద్రాస్ రెజిమెంట్‌లో గోల్‌కీపర్ అయ్యాడు. ఆరడుగులు దాటిన మనిషి. ఫార్వర్డ్‌గా పేరు రాలేదని ఎవరైనా ఆయనను అక్కడే ఆపేసి ఉంటే జకార్తా ఫైనల్‌లో గోల్ ముందు ఎవరు నిలబడేవారో! అంతకు ముందు మ్యాచ్‌లు ప్రద్యుత్ బర్మన్ ఆడాడు, ఫైనల్‌కు రహీం సాబ్ తంగరాజ్‌ను దింపాడు. ఆయనకు అర్జున అవార్డు వచ్చింది 1967లో, ముప్పై దాటాక.

అలాగని ఆలస్యంగా వికసించేవాడే గొప్ప అనడం కూడా తప్పే. ఈ మధ్య మోటివేషన్ స్పీకర్లు అదే పాట పాడుతున్నారు. తొందరగా వచ్చి చాలాకాలం నిలిచినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో మహమ్మద్ హబీబ్ ఒకరు.

జకార్తా నాటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న ఇంతెకాల్ అయ్యారు. ఆ రోజుకు హబీబ్‌కు పద్నాలుగు ఇంకా నిండలేదు. 1966లో ఈస్ట్ బెంగాల్‌కు ఆడటానికి కలకత్తా వెళ్లాడు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన టీమ్‌కు మన సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్, హబీబ్ అందులో ఫార్వర్డ్. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న కాస్మోస్ టీమ్‌తో మోహన్ బగాన్ 2-2 డ్రా చేసుకుంది. మోహన్ బగాన్ రెండో గోల్ హబీబ్‌ది. అప్పుడాయనకు ఇరవై ఎనిమిదేళ్లు. బలరాం ఆ వయసుకు ఆట మానేశాడు.