సోయి తప్పే దారిలో

హైదరాబాద్, 1889 చలికాలం. బల్ల మీద ఓ కుక్క, కాళ్లు కట్టేసి ఉన్నాయి. క్లోరోఫారం పోసిన ముసుగు మూతికి అడ్డం పెట్టగానే గింజుకుంది, మూలిగింది, మళ్లీ గింజుకుంది. కాసేపటికి కాళ్లు వదులయ్యాయి. ఒకాయన వేలితో దాని కంటిగుడ్డును తాకాడు. రెప్ప కదల్లేదు. రక్తనాళానికి బిగించిన గొట్టం రక్తపోటును కాగితం మీద గీతగా గీస్తోంది. అందరి కళ్లూ ఆ గీత మీదా, కుక్క పొట్ట మీదా. మత్తు ఎక్కువైతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా?

ఈ పంచాయితీ పుట్టింది బ్రిటన్‌లో. 1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫారం పీల్చి చూశాడు. మూడు నెలలైనా కాకముందే, 1848 జనవరిలో, హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోబోయి అదే మత్తులో చనిపోయింది. ఇలాంటి చావుల్లో దెబ్బ గుండె మీదేనని లండన్‌లో డాక్టరు జాన్ స్నో తేల్చాడు. ఎడిన్‌బరోలో సైమ్ అనే సర్జన్ బడి మాట వేరు: ఊపిరి చూసుకో, నాడి గొడవ నీకెందుకు?

ఆ సైమ్ శిష్యుడే ఎడ్వర్డ్ లారీ. 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు, ఇక్కడి మెడికల్ స్కూలూ ఆయన చేతిలోనే. గురువు మాట తప్పంటే ఊరుకునే మనిషి కాదు. 1888లో కమిషన్ వేయించి, కుక్కల మీద ప్రయోగాలు చేయించి, ముందు ఆగేది ఊపిరేనని చాటాడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అంటూ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. అప్పటి ఇందూరు జిల్లా, నేటి మన నిజామాబాద్, ఆయన ఏలుబడిలోదే. ఆ వెయ్యి పౌండ్లలో ఇక్కడి రైతు కట్టిన శిస్తు ఎంతో కొంత ఉండే ఉంటుందని నాకనిపిస్తుంది.

వచ్చినవాడు లాడర్ బ్రంటన్, పేరుమోసిన మందుల శాస్త్రవేత్త. గుండెకే ప్రమాదం అన్న నమ్మకంతోనే ఓడ దిగాడు. క్లోరోఫారం ఇచ్చినవాళ్లలో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ యువతి ఉంది. ఆ ఏడాదే హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదువు ముగించింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరని ఈమెనే చెబుతారు. డిసెంబర్‌లో లండన్‌కు తంతి వెళ్లింది: కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జీవాల మీద చూశాం, ప్రమాదం ఊపిరాడకపోవడమో మోతాదు మించడమో తప్ప నేరుగా గుండెకు ఏమీ కాదు. బ్రంటన్ మాట మార్చాడు. లారీ గెలిచాడు.

గెలిచాడు గానీ, మనుషులు చావడం మానలేదు. బల్ల మీద పడుకుని రెండు గుక్కలు పీల్చారో లేదో, ఊపిరి ఆడుతుండగానే కొందరి గుండె ఠక్కున ఆగేది. గుట్టు 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు విప్పాడు. లోతైన మత్తులో ఉన్న పిల్లుల్లో కాదు, తేలిక మత్తులో ఉన్నవాటిలో అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి కొట్టుకోవడం మానేసింది. భయపడినప్పుడు మన ఒంట్లో ఊరేదీ ఆ అడ్రినలినే. అంటే చావు పొంచి ఉన్నది పూర్తిగా సోయి తప్పినచోట కాదు, సగం తప్పినచోట. లారీ బృందం మోతాదు మించితే ఏమవుతుందన్న దాని వెంటే పడింది. మధ్యలో జారిన సంగతి 490 జీవాల మీద చూసినా వాళ్ల కంటపడలేదు. ఎన్ని జీవాలన్నది కాదు, ఏ ఘడియలో చూశామన్నదే లెక్క.

ఆ సగం దశ చిత్రమైంది. మత్తు ఒక్కసారిగా కమ్మదు. మొదట నొప్పి మొద్దుబారుతుంది. తర్వాత మనిషి కేకలేస్తాడు, చేతులు విసురుతాడు, తిడతాడు కూడా. తెలివొచ్చాక అదేమీ గుర్తుండదు. అది దాటితేనే కత్తి పెట్టగల నిమ్మళం. దీన్ని నిద్ర అంటాం గానీ కాదు. ఎంత గాఢంగా పడుకున్న తల్లయినా పసిబిడ్డ ఏడిస్తే లేస్తుంది. మత్తులో మాత్రం శబ్దం చెవి నుంచి మెదడు దాకా వెళ్లినా, మెదడులోని భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. విన్నది ఎవరికీ అందదు.

ఇప్పుడు క్లోరోఫారం లేదు. సిరికొండ నుంచి నిజామాబాద్ పెద్ద దవాఖానకు ఆపరేషన్‌కని పోయిన మనిషి వేలికి క్లిప్పు పెడతారు, ఛాతీకి వైర్లు అంటిస్తారు. క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ చెబుతుంది, వైర్లు గుండె లయ. స్నో, లారీ ఇద్దరూ ఒకే తెరమీద ఉన్నట్టే. మత్తు డాక్టరు అంతకుముందే పక్కన నిలబడి, పేరేంది, ఊరేంది, పొద్దుగాల ఏమన్న తిన్నవా అని అడుగుతాడు. ఆ మనిషి చేతులు వణుకుతుంటే, అసలు మత్తు కంటే ముందు భయం తగ్గే సూది ఇస్తాడు.