స్వరపత్రాలకు తలుపులు తెరిచిన విద్యార్థి

పాశ్చాత్య సంగీతంలో రచన నేర్చుకునేవాళ్లకు గురువు తరవాత గురువు స్కోరే. ఏ వాద్యం ఏ క్షణాన ఏ స్వరం పలకాలో అయిదు గీతల మీద రాసిపెట్టిన కాగితం అది. సిద్ధాంత గ్రంథం సూత్రం చెబుతుంది. మహా స్వరకర్తలు ఆ సూత్రాన్ని ఎక్కడ పాటించారో, ఎక్కడ దాటారో స్కోరు చూపిస్తుంది. ఆ కాగితాలను లక్షల సంఖ్యలో ఉచితంగా అందిస్తున్న ఆన్‌లైన్ గ్రంథాలయం ఐఎంఎస్‌ఎల్‌పీ. దానికి ‘పెట్రూచి సంగీత గ్రంథాలయం’ అని ఇంకో పేరుంది. ఆ పేరు వెనక అయిదు వందల ఏళ్ల కథ ఉంది.

ఒట్టావియానో పెట్రూచి వెనిస్ నగరంలో అచ్చుపని చేసినవాడు. విడివిడి అక్షరాలు పేర్చి పుస్తకాలు వేయడం అప్పటికే వచ్చింది గాని, బహుళ స్వరాల పాటలను అలా వేయడం ఎవరికీ చేతకాలేదు. గీతలు, స్వరాలు, మాటలు విడివిడిగా వచ్చేలా ఒకే కాగితాన్ని మూడుసార్లు ముద్రణకు పెట్టి పెట్రూచి దాన్ని సాధించాడు. ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగితే స్వరం గీత తప్పి వేరే స్వరమైపోయే పని అది. 1501లో వెలువడిన ఆయన తొలి పాటల సంకలనం ‘ఒదెకాటన్’ నేటికీ చూడముచ్చటగా ఉంటుంది. ఈ రకం ముద్రణ మీద 20 ఏళ్ల గుత్తహక్కును ఆయన 1498లోనే వెనిస్ ప్రభుత్వం నుంచి సంపాదించుకున్నాడు. అంటే స్వరాల అచ్చూ, దాని మీది హక్కూ కవలల్లా పుట్టాయి.

అచ్చు వచ్చినంత మాత్రాన అందరికీ స్కోర్లు అందలేదు. చాలామంది చేత్తో నకలు రాసుకునే నేర్చుకున్నారు. స్వరకర్త బాఖ్ మరణించాక 1754లో అచ్చయిన ఆయన సంస్మరణ వ్యాసంలో ఒక ఉదంతం ఉంది. తల్లీతండ్రీ పోయి అన్న ఇంట్లో పెరుగుతున్న బాల బాఖ్‌కు, ప్రసిద్ధ స్వరకర్తల రచనలున్న ఒక పుస్తకం మీద మనసు పడింది. ఎంత బతిమాలినా అన్న ఇవ్వలేదు. పుస్తకం జాలీ తలుపున్న బీరువాలో తాళం వేసి ఉంది. జాలీ సందులోంచి చిన్న చెయ్యి దూర్చి, అట్టలేని ఆ పుస్తకాన్ని చుట్టగా చుట్టి బయటికి లాగి, ఆరునెలలపాటు వెన్నెల వెలుగులో నకలు రాసుకున్నాడట. తీరా అది అన్న కంటబడింది. ఆయన దాన్ని లాగేసుకున్నాడు.

ఆ బాఖ్ రచనలన్నిటినీ అచ్చు వేయడానికే 1850లో జర్మనీలో ఒక సంఘం పుట్టింది. 1851లో మొదలైన సంపుటాలు 1899 దాకా వస్తూనే ఉన్నాయి. మహత్తరమైన కృషి, సందేహం లేదు. కానీ ఆ సంపుటాలు పెద్ద గ్రంథాలయాల బీరువాల్లోనే ఉండిపోయాయి. దగ్గర్లో అలాంటి గ్రంథాలయం లేని విద్యార్థికి అవి ఉన్నా లేనట్టే.

2006 ఫిబ్రవరిలో ఎడ్వర్డ్ గువో అనే సంగీత విద్యార్థి ఐఎంఎస్‌ఎల్‌పీని ప్రారంభించాడు. పద్ధతి వికీపీడియాది. కాపీరైటు గడువు తీరిన స్కోర్లను ఎవరైనా స్కాన్ చేసి ఎక్కించవచ్చు. ఒక్కో రచనకు ఒక్కో పుట. ఆ పుటలో పాత ముద్రణలు, రాతప్రతులు, వాద్యాలవారీ భాగాలు పక్కపక్కనే ఉంటాయి. బాఖ్ సంఘం సంపుటాలన్నీ అక్కడికి చేరాయి.

చిక్కు చట్టంతో వచ్చింది. గ్రంథాలయం సర్వర్లు కెనడాలో ఉన్నాయి. అక్కడ అప్పట్లో రచయిత పోయిన 50 ఏళ్లకు కాపీరైటు తీరేది, ఐరోపాలో 70 ఏళ్లకు. 1945లో మరణించిన స్వరకర్త బార్తోక్ రచనలు 1996 నుంచి కెనడాలో అందరివీ. ఐరోపాలో మాత్రం 2015 చివరిదాకా హక్కుదారులవే. ఈ తేడా మీదే 2007లో వియన్నాకు చెందిన యూనివర్సల్ ఎడిషన్ ప్రచురణసంస్థ లాయరు నోటీసులు పంపింది. ఒంటరి విద్యార్థి ఆ భారం మోయలేక అక్టోబరు 19న గ్రంథాలయాన్ని మూసేశాడు. ప్రపంచమంతటి నుంచీ మద్దతు వచ్చింది. 2008 జూన్ 30న అది మళ్లీ తెరుచుకుంది. ఏ స్కోరు ఏ దేశంలో స్వేచ్ఛగా వాడుకోవచ్చో ఇప్పుడు ప్రతి ఫైలు పక్కనా రాసి ఉంటుంది. చందా కట్టనివాళ్లు డౌన్‌లోడుకు కొన్ని సెకన్లు ఆగితే చాలు.

ఇంట్లోనే నేర్చుకునేవాళ్లకు స్వరలిపి అక్షరాభ్యాసానికి 2000లో వచ్చిన మ్యూజిక్‌థియరీ.నెట్ వెబ్‌సైటు ఉంది. సొంత రచన రాసి వినడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ ఉంది. ఈ రెంటి మధ్యా అసలు చదువు స్కోర్లతోనే. హైడన్ రాసిన తంత్రీవాద్య క్వార్టెట్ ఒకటి తెరిచి, పుట చూస్తూ రెండుసార్లు వినండి. తరవాత పది బార్లు చేత్తో నకలు రాయండి. వయోలా ఎక్కడ మౌనంగా ఉందో, చెల్లో ఎందుకు పైకెక్కిందో రాసే చేతికి తెలిసినంతగా వినే చెవికి తెలియదు.

మనకూ ఇలాంటి దాతలున్నారు. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల కుటుంబంలో గుట్టుగా సాగిన కృతులను సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’గా తెలుగు లిపిలో అచ్చు వేయించారు. కంపితానికి అలల గీత, జారుకు ఏటవాలు గీత – గమకాలకు సైతం ఆయన గుర్తులు ఏర్పరిచారు. ఆ పుటలు నేడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. తెలుగు చదవగలిగిన వాళ్లు ఆ గ్రంథాన్ని మూలంలోనే చదువుకోవచ్చు.

ఈ సంపదంతా స్కాన్ చేసి ఎక్కించిన వాళ్ల ఓపిక వల్లే మనదాకా వచ్చింది. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైటు తీరుతుంది. ఆ గడువు దాటిన స్వరలిపి పుస్తకం మీ ఇంటి అటక మీద ఉంటే, చెదలు పట్టేలోగా స్కాన్ చేసి నలుగురికీ అందేలా పెట్టండి. నేర్చుకున్నవాళ్లు తీర్చుకోదగ్గ రుణం ఇది.