గొట్టంలో దాగిన చరిత్ర

పాత కారులో క్లచ్ పూర్తిగా తొక్కినా రివర్స్ గేరు గరగరలాడిందంటే, తప్పు క్లచ్ ప్లేటుదేనని తేల్చేయడం తేలిక. గేర్‌బాక్సు దించి, ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ మార్చి బిగించాక కూడా అదే గరగర వినిపిస్తే అప్పుడు తెలుస్తుంది, వెతకాల్సిన చోటు అది కాదని. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కార్లకు ఈ పొరపాటు పుట్టుకతో వచ్చింది. కాలికీ క్లచ్‌కూ మధ్య కనిపించే ఇనుమును తీసేసి కనిపించని ద్రవాన్ని పెట్టిన రోజునే లోపం కూడా కనుమరుగైంది. అందుకే పాత కారు క్లచ్ లోపాన్ని పట్టుకోవడం సగం యంత్రవిద్య, సగం చరిత్ర అంటాను. ఆ ఏర్పాటు ఎందుకు వచ్చిందో, ఏ పదార్థాలతో వచ్చిందో తెలియనివాడికి పానా ఎంత మంచిదైనా దారి చూపదు.

తొలి తరం కార్లలో పెడల్‌కూ క్లచ్‌కూ మధ్య కడ్డీలు, లివర్లు, తీగలు ఉండేవి. ఏది అరిగినా, ఏది వంగినా కంటికి కనిపించేది. ఇంజన్లను రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెట్టడం మొదలయ్యాక చిక్కు వచ్చింది. బండి కదిలేటప్పుడు ఇంజన్ ఊగితే దానితోపాటు కడ్డీ కూడా కదిలేది. కాలు నిలకడగా ఉన్నా క్లచ్ కాస్త పట్టి, కాస్త వదిలి, కారంతా అదిరేది. పైగా ఒకే కారును కుడి స్టీరింగుతోనూ ఎడమ స్టీరింగుతోనూ అమ్మాలంటే కడ్డీల అమరికను రెండు రకాలుగా తయారుచేయాలి. పెడల్ వైపు మాస్టర్ సిలిండర్‌నూ, క్లచ్ వైపు స్లేవ్ సిలిండర్‌నూ కలుపుతూ, ఎటు కావాలంటే అటు వంగే సన్నని గొట్టం ఈ రెండు చిక్కులనూ తీర్చింది. సూత్రం కొత్తదేమీ కాదు. మూసిన ద్రవం మీద ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలోనే పాస్కల్ చెప్పాడు. దాని ఆధారంగా 1795లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. 1921లో అమెరికా డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. ప్రాణం నిలిపే బ్రేకు విషయంలో నమ్మకం కుదిరాక క్లచ్‌కూ అదే దారి తెరుచుకుంది. 1955 నాటి ఎంజీఏ కారులో బ్రేకుకూ క్లచ్‌కూ కలిపి జంట మాస్టర్ సిలిండర్ పెట్టారు. 1959లో వచ్చిన మినీ, ట్రయంఫ్ హెరాల్డ్ రెండింటిలోనూ క్లచ్ ద్రవంతోనే నడిచింది.

ఆ హెరాల్డే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా తయారీగా, స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మన రోడ్లెక్కింది. మరుసటి ఏడే టీవీఎస్ వర్గం, బ్రిటన్ లూకాస్ సంస్థల ఉమ్మడి పెట్టుబడితో అదే నగరంలో బ్రేక్స్ ఇండియా పుట్టింది. అంటే కారుతోపాటు, దాని సిలిండర్లను అర్థం చేసుకునే పరిశ్రమ కూడా దక్షిణాదికి వచ్చింది. హెరాల్డ్‌లో మరో విశేషం ఉంది. గేర్‌బాక్సును కారు కింది నుంచి కాక, లోపల సీట్ల మధ్యనున్న కప్పు తీసి బయటకు లాగాలి. కాబట్టి తప్పుడు నిర్ధారణకు శిక్ష పెద్దది. లోపం బానెట్ కింద రెండు రూపాయల రబ్బరు వాషర్లో ఉంటే, మనిషి కారు లోపలంతా విప్పి కూర్చుంటాడు.

ఆ శిక్ష తప్పించే వరుస ఒకటుంది. ముందుగా క్లచ్ జారుతోందా, వదలడం లేదా అన్నది తేల్చుకోవాలి. రెండూ వేర్వేరు జబ్బులు. వదలనప్పుడు ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు స్లేవ్ సిలిండర్ కడ్డీ ఎంత కదులుతోందో చూడాలి. కారు మాన్యువల్లో చెప్పినంత కదిలిందంటే ద్రవం తన పని తాను చేసింది. అప్పుడే బేరింగు, ఫోర్కు, తుప్పుతో ఫ్లైవీల్‌కు అంటుకున్న ప్లేటు లాంటివి అనుమానించాలి. కదలిక తక్కువైతే తప్పు ఇవతల ఉంది. పెడల్ మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు కొడితే గట్టిపడితే లోపల గాలి చేరింది. అప్పుడు ఎయిర్ తీయాలి, ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వెతకాలి. తొక్కిపట్టిన పెడల్ మెల్లగా కిందికి దిగుతూ, ద్రవం మట్టం మాత్రం తగ్గకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి వాషరు ఒత్తిడిని వెనక్కి వదులుతోంది. మట్టం తగ్గుతుంటే పెడల్ వెనక గోడ మీద, స్లేవ్ రబ్బరు తొడుగులో తడి కోసం చూడాలి. పెడల్ పిన్ను, దాని రంధ్రం అరిగినా నష్టం చిన్నది కాదు. స్లేవ్ వ్యాసం మాస్టర్‌కన్నా పెద్దదైతే బలం పెరుగుతుంది కానీ కదలిక అంతే వంతున తగ్గుతుంది. 20 మి.మీ. మాస్టర్, 25 మి.మీ. స్లేవ్ అనుకుంటే మాస్టర్ పిస్టన్ 25 మి.మీ. కదిలితేనే అవతల 16 మి.మీ. దక్కుతుంది. అసలే పొదుపుగా ఉన్న ఆ కదలికలో పిన్ను అరుగుదలకే మొదట్లో కొంత పోతే మిగిలింది క్లచ్‌ను వదిలించడానికి చాలదు.

ఇంతవరకు తర్కం చాలు. ఇక్కడి నుంచి చరిత్ర కావాలి. తొలినాళ్ల హైడ్రాలిక్ ద్రవాల్లో ముఖ్యమైనది ఆముదం, దానికి ఆల్కహాలు కలిపేవారు. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట చేలలో పండే ఆ గింజ నూనెకూ సహజ రబ్బరుకూ వైరం లేదు. ఇంజన్ ఆయిల్ లాంటి ఖనిజ నూనె తగిలితే మాత్రం సహజ రబ్బరు ఉబ్బిపోతుంది. తర్వాత వచ్చిన గ్లైకాల్ ద్రవాలు రబ్బరును కాపాడాయి కానీ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ నీరే సిలిండర్ గోడను తుప్పుతో గరుకు చేసి వాషర్లను కోస్తుంది. సిట్రోయెన్ డీఎస్ కారు 1960ల చివర్లో ఎరుపు సింథటిక్ ద్రవం వదిలి ఆకుపచ్చ ఖనిజ ద్రవానికి మారినప్పుడు రబ్బరు భాగాలనూ మార్చాల్సి వచ్చింది. ఒక రకం ద్రవానికి చేసిన కారులో మరో రకం పోస్తే రబ్బరు వాషర్లు పాడవుతాయి. ఉబ్బిన వాషరు మాస్టర్ సిలిండర్లోని చిన్న తిరుగుదారి రంధ్రాన్ని మూసేస్తే ద్రవం వెనక్కి రాదు, క్లచ్ పూర్తిగా పట్టదు, జారుతుంది. అప్పుడు ప్లేటు మార్చినా కొత్త ప్లేటు కూడా కాలిపోతుంది. ఆ లోపం పుట్టింది నలభై ఏళ్ల క్రితం ఎవరో పోసిన డబ్బాలో కావచ్చు.

ఇన్ని తర్కాలెందుకు, రెండు సిలిండర్లూ, గొట్టమూ ఒకేసారి కొత్తవి వేస్తే పోదా అని అడిగేవారున్నారు. వారి మాటలో నిజముంది. పాత రబ్బరు భాగాలన్నిటి వయసూ ఒకటే కాబట్టి ఒకటి పోయాక రెండోది ఎంతో కాలం ఆగదు. గొట్టం లోపలి పొర ఉబ్బి దారి మూసేస్తే బయటి నుంచి కనిపించదు కూడా. అయినా ఇలా మొత్తం కిట్ మార్చడం మందు అవుతుంది కానీ నిర్ధారణ కాదు. అరిగిన పిన్ను, వంగిన ఫోర్కు ఏ కిట్‌లోనూ రావు. కొత్త వాషర్లకు తప్పుడు ఆయిలే పోస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. మరో అభ్యంతరం ఇంకా బలమైనది. 1983లో వచ్చిన మారుతి 800 మామూలు కేబుల్ క్లచ్‌తోనే లక్షల ఇళ్లకు చేరినప్పుడు ద్రవం అనవసరపు ఆర్భాటం కాదా? తేలికపాటి చిన్న కారుకు కేబుల్ చాలు, నిజమే. కానీ బలమైన స్ప్రింగుల క్లచ్‌నూ, ఊగే ఇంజన్‌నూ ద్రవం సుఖంగా మోసింది. దానికి బదులుగా మనిషి నుంచి మరికొంత శ్రద్ధ కోరింది. ఆ శ్రద్ధ చూపకుండా ద్రవాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఈ శ్రద్ధ ఒకరి తలలోనే ఉండిపోతే వారితోనే పోతుంది. హెరాల్డ్ చూసిన మెకానిక్కుల తరం తగ్గుతోంది. ఏ ఆయిల్ పోశారో, వాషర్లు ఏ సంవత్సరం మార్చారో రాసిన చిన్న చీటీ బానెట్ కింద ఉంటే, పదేళ్ల తర్వాత ఆ కారు ముందు నిలబడే మనిషికి సగం నిర్ధారణ అక్కడే దొరుకుతుంది. గొట్టంలో దాగిన చరిత్రను మళ్లీ కంటి ముందుకు తెచ్చేది అలాంటి చీటీలే.