వంగి తొక్కాలా, నిటారుగా తొక్కాలా?

అమెరికాలో సైకిళ్ళ దుకాణానికి వెళ్ళి రోడ్డు మీద తొక్కడానికి మంచి సైకిలు కావాలని అడిగితే, దుకాణదారు సాధారణంగా రెండు బళ్ళు తెచ్చి పక్కపక్కన నిలబెడతాడు. రెండింటికీ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలే. రెండూ కార్బన్‌తో చేసినవే. ధరలో కూడా పెద్ద తేడా ఉండదు. ఒకటి రేస్ బైక్, రెండోది ఎండ్యూరెన్స్ బైక్ అంటాడు. (ఇక్కడ బైక్ అంటే సైకిలే సుమా!) రెండింటికీ తేడా ఏమిటంటే, మొదటిది వేగానికి, రెండోది సుఖానికి అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆ మాట వినగానే మనవాళ్ళలో చాలామంది చూపు మొదటిదాని మీదికే పోతుంది. అంత డబ్బు పోస్తున్నప్పుడు రెండో రకం సరుకు దేనికని మన లెక్క.

నిజానికి అది రెండో రకం సరుకు కాదు. రేసు బండి ఆకారమే అసలైన సైకిలు ఆకారమనీ, మిగతావన్నీ చేతకానివాళ్ళ కోసం దాన్ని సడలించి చేసినవనీ అనుకోవడం చరిత్రకి విరుద్ధం. ఆ చరిత్రని, దాని వెనకున్న కాస్త లెక్కల్ని ఇక్కడ చెప్పదలచుకున్నాను.

మొదటి సైకిళ్ళలో ఈ తగాదా లేదు. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున ఉండి, దాని నెత్తిన మనిషి కూర్చునే రోజుల్లో వంగడానికి చోటేదీ? వంగితే ముందుకి బోర్లా పడడమే. 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిలు చేశాడు. దాదాపు ఒకే ఎత్తున్న రెండు చక్రాలు, నడుమ పెడళ్ళు, వెనక చక్రానికి గొలుసు. మూడేళ్ళకి, 1888లో, బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు డన్‌లప్ కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైర్లు తొడిగాడు. ఈ రెండూ కలిశాక సీటు ఎక్కడుండాలి, హ్యాండిల్ ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉండాలి అన్నవి మనిషి ఇష్టానికి వచ్చాయి. గొడవ కూడా అప్పుడే మొదలైంది.

1890లలో అమెరికాని సైకిలు పిచ్చి పట్టింది. హ్యాండిల్‌ని కిందికి దించి, వీపు విల్లులా వంచి వీధుల్లో దూసుకుపోయేవాళ్ళని పత్రికలు 'స్కార్చర్లు' అన్నాయి. వాళ్ళ గూని మీద బొమ్మలు గీసి వెక్కిరించాయి. అలా వంగితే వెన్నెముక శాశ్వతంగా వంగిపోతుందని వైద్యులు హెచ్చరించారు. తరవాత అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ 1895లో న్యూయార్క్ పోలీసు కమిషనర్‌గా ఉన్నప్పుడు, వీళ్ళని పట్టుకోవడానికి సైకిళ్ళ మీదే ఒక పోలీసు దళాన్ని పెట్టాడు. అంటే ఆనాడు వంగి తొక్కేవాడే వింత మనిషి!

అయితే స్కార్చర్లది ఉత్త పొగరు కాదు. 1899లో మాంట్రియాల్‌లో ప్రపంచ స్ప్రింట్ ఛాంపియన్ అయిన మేజర్ టేలర్ అనే నల్లజాతి వీరుడు హ్యాండిల్‌ని ఇంకా ముందుకి జరుపుకునే అమరిక వాడాడు. ముందుకీ వెనక్కీ జరిగే ఆ అమరికని ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అదే ఏడాది చార్ల్స్ మర్ఫీ అనే ఆయన న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో, గాలి తగలకుండా రైలుపెట్టె వెనక చేరి, ఒక మైలు దూరాన్ని 57.8 సెకన్లలో తొక్కేశాడు. సైకిలువాడికి అసలు శత్రువు గాలి అని వీళ్ళకి తెలుసు. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలి కోసం ఎనిమిది రెట్ల శక్తి పెట్టాలి. చదును రోడ్డు మీద గంటకి ముప్ఫై కిలోమీటర్లు దాటితే మన కాలి బలంలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. వంగితే గాలికి ఎదురు నిలిచే ఒళ్ళు తగ్గుతుంది. రేసు బండి ఆకారానికి మూలం ఇదే.

కానీ గాలిని జయించడానికి వంగడం ఒక్కటే దారి కాదు. ఫ్రాన్సులో చార్ల్స్ మొషే పడక కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలి తొక్కే బండి చేశాడు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ దాని మీద గంటలో 45 కిలోమీటర్లకి పైగా తొక్కి ప్రపంచ రికార్డుని దాటేశాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైకిల్ సంఘం సైకిలంటే ఎలా ఉండాలో నిర్వచనం రాసి, ఆ బండిని పోటీల నుంచి వెలివేసింది. కనక రేసు బండి ఆకారాన్ని సగం గాలి చెక్కితే సగం రూల్ బుక్కు చెక్కింది. 2000లో అదే సంఘం రేసు బండి 6.8 కిలోల కంటే తేలికగా ఉండకూడదని కూడా నిర్ణయించింది. పోటీకి దిగనివాడిని ఈ నిబంధనలేవీ కట్టడి చెయ్యవు.

ఇరవయ్యో శతాబ్దంలో కార్లు వచ్చాక అమెరికాలో సైకిలు పిల్లల ఆటవస్తువు అయిపోయింది. షికాగోలోని ష్విన్ కంపెనీ 1933లో తెచ్చిన బెలూన్ టైర్ల బళ్ళు ఆ పిల్లల కోసమే. దాన్ని మళ్ళీ పెద్దల దగ్గరికి చేర్చినవాళ్ళలో ఒక గుండె డాక్టరు ఉన్నాడు. 1955 సెప్టెంబరులో అధ్యక్షుడు ఐజెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చినప్పుడు వైద్యం చూసిన బాస్టన్ డాక్టరు పాల్ డడ్లీ వైట్. గుండెపోటు వచ్చినవాడు మంచం దిగకూడదని నమ్మే కాలంలో ఒంటికి పని చెప్పమన్నాడాయన. తాను సైకిలు తొక్కుతూ దేశాన్ని తొక్కమన్నాడు. బాస్టన్‌లో చార్ల్స్ నది ఒడ్డున ఉన్న సైకిలు బాటకి ఆయన పేరే పెట్టారు.

1970ల మొదట్లో ఆ పిలుపు ఫలించింది. 1973లో ఈ దేశంలో దాదాపు కోటిన్నర సైకిళ్ళు అమ్ముడయ్యాయి. వరసగా మూడేళ్ళు కార్లకంటే సైకిళ్ళే ఎక్కువ అమ్మారు. అయితే ఆరోగ్యం కోసం వచ్చిన ఆ పెద్దలకి దుకాణాలు ఎక్కువగా అంటగట్టింది పది గేర్లు, వంగిన హ్యాండిల్, సన్నని టైర్లున్న బండిని, అంటే రేసు బండి పోలికల్ని. ఆ తరవాత కొనుగోలుదార్లు తీర్పు చెప్పనే చెప్పారు. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న టామల్‌పైస్ కొండ మీద కుర్రాళ్ళు పాత బెలూన్ టైర్ల బళ్ళతో మొదలుపెట్టిన సరదా 'మౌంటెన్ బైక్' అయింది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్' పేరుతో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. కొండ మొహం చూడనివాళ్ళు కూడా దాన్ని కొన్నారు. లావు టైర్లు, నిటారుగా కూర్చునే వీలు. వాళ్ళకి కావలసింది అదే.

ఇదంతా ఇక్కడ జరుగుతున్నప్పుడు మన ఊళ్ళలో ఏ బండి తిరిగేది? లూధియానా హీరో, సోనీపత్ అట్లాస్, మద్రాసు పక్క అంబత్తూరులో తయారైన హెర్క్యులిస్. అన్నీ పాత ఇంగ్లీషు రోడ్‌స్టర్ సంతానమే. సీటు గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది. హ్యాండిల్ సీటుకంటే ఎత్తు. చక్రాల మధ్య దూరం ఎక్కువ. టైరు ఒకటిన్నర అంగుళం, అంటే దాదాపు 40 మి.మీ. ముందు కడ్డీ మీద పిల్లాడు, వెనక కేరియర్ మీద బియ్యం బస్తా పెట్టుకుని కంకర రోడ్డు మీద పోవడానికి తగిన లెక్క అది. మన మేష్టార్లు, పోస్టుమాన్లు, పాలవాళ్ళు ముప్ఫై నలభై ఏళ్ళు తొక్కింది ఆ బండినే. దాన్ని 'కంఫర్ట్ బైక్' అని ఎవరూ అనలేదు. సైకిలన్నారు, అంతే.

ఇక్కడ మళ్ళీ రేసు బండికి రోజులొచ్చాయి. 1986లో గ్రెగ్ లెమాండ్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన తొలి అమెరికన్ అయ్యాడు. 1989లో మోచేతులు ముందుకి ఆన్చి వంగే కొత్తరకం హ్యాండిల్‌తో 8 సెకన్ల తేడాతో మళ్ళీ గెలిచాడు. 1999 నుంచి 2005 వరకు ఏడుసార్లు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచాడు. మందుల మోసం తేలి 2012లో ఆ ఏడూ రద్దయ్యాయి గానీ, గెలిచిన రోజుల్లో దుకాణాల నిండా ఆయన తొక్కినలాంటి బళ్ళే. మా తరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వచ్చి ఈ దేశంలో కుదురుకుంటున్న రోజులు సరిగ్గా అవే. కనక రోడ్డు సైకిలంటే అదేనని మా కళ్ళలో ముద్రపడింది.

ఎండ్యూరెన్స్ బండి పుట్టుక ఇంకో తమాషా. ఫ్రాన్సులో 1896 నుంచి పారిస్-రూబే పందెం జరుగుతోంది. దాదాపు 260 కిలోమీటర్ల దారిలో యాభైకి పైగా కిలోమీటర్లు ఎగుడుదిగుడు రాళ్ళ బాటే. అక్కడికి వెళ్ళే వీరులు మామూలు రేసు బండి వదిలి, చక్రాల మధ్య దూరం కాస్త ఎక్కువున్న, లావు టైర్లు పట్టే బండి తీసుకుంటారు. 2000ల మొదటి సగంలో స్పెషలైజ్డ్ కంపెనీ ఆ లక్షణాలకి ఎత్తైన హ్యాండిల్ జోడించి 'రూబే' అని పేరు పెట్టి అమ్మింది. 2012లో విస్కాన్సిన్‌కి చెందిన ట్రెక్ 'డొమానే' తెచ్చింది. అందులో సీటు గొట్టం పై కడ్డీకి గట్టిగా అతుక్కోకుండా, కీలు మీద కాస్త వంగి కుదుపుని మింగుతుంది. 2013లో ఫాబియన్ కాన్సెలారా ఆ బండితోనే పారిస్-రూబే గెలిచాడు. సుఖమని చెబితే నామోషీ పడేవాళ్ళు, వీరుల పేరు చెబితే కొన్నారు.

ఇక లెక్కలు. పెడళ్ళ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైకొస దాకా నిలువు ఎత్తుని స్టాక్ అంటారు, అడ్డం దూరాన్ని రీచ్ అంటారు. కంపెనీల ప్రకటనలు పక్కన పెట్టి ఈ రెండు అంకెలు చూస్తే చాలు. మధ్యరకం 56 సైజులో రేసు బండికి స్టాక్ సుమారు 56 సెం.మీ., రీచ్ 39. ఎండ్యూరెన్స్ బండికి స్టాక్ 59, రీచ్ 38. అంటే చేతులు మూడు సెంటీమీటర్లు పైకి, ఒక సెంటీమీటరు దగ్గరికి. ఇంతేనా అనిపిస్తుంది. రెండు గంటలు తొక్కాక మెడ, నడుము ఆ మూడు సెంటీమీటర్ల విలువ చెబుతాయి.

దీనికి కారణం న్యూటన్ మూడో సూత్రంలో ఉంది. పెడలుని బలంగా కిందికి తొక్కేవాడిని పెడలు అంతే బలంతో పైకి నెడుతుంది. ఆ నెట్టుడు వాడి పైశరీరం బరువులో కొంత మోస్తుంది. అందుకే వీరుడు అంత వంగినా చేతులు తేలికగా ఉంటాయి. మనలాంటివాడు నెమ్మదిగా తొక్కుతూ అదే భంగిమలో కూర్చుంటే, కాళ్ళు మొయ్యని బరువు అరచేతుల మీద, భుజాల మీద పడుతుంది. రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని తొడ కండరాలు బిగుసుకున్నవాడికి ఇది ఇంకా కష్టం.

టైర్ల విషయంలో కూడా పాత నమ్మకం మారింది. సన్నని 23 మి.మీ. టైరుని రాయిలా గట్టిగా నింపితేనే వేగమని చాలాకాలం అనుకున్నారు. గరుకు రోడ్డు మీద కుదుపుతోనే శక్తి వృథా అవుతుందని ఆ తరవాత పరీక్షల్లో తేలింది. ఇప్పుడు రేసువాళ్ళే 28, ఆపైన వాడుతున్నారు. ఎండ్యూరెన్స్ బళ్ళు 32 నుంచి 38 దాకా పడతాయి. మన హీరో సైకిలు 40 నుంచి ఎంతో దూరం లేదు!

ఎవరికేది? వారాంతాల్లో పందేలకి దిగేవాళ్ళు, గుంపు వేగాన్ని అందుకోవాలనుకునేవాళ్ళు, ఒళ్ళు వంగే వయసులో ఉన్నవాళ్ళు నిస్సందేహంగా రేసు బండి కొనుక్కోవచ్చు. ఆ బండి ఇచ్చే ఆనందం వేరు. మిగతా మనకి అసలు ప్రశ్న వేగం కాదు. దక్షిణాసియావాళ్ళకి గుండె జబ్బు మిగతావాళ్ళకంటే చిన్న వయసులోనే వస్తోందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. 2010 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లో 'మసాలా' పేరుతో మనవాళ్ళ మీదే పెద్ద అధ్యయనం నడుస్తోంది. నలభైలో అరచేతులు తిమ్మిరెక్కి గరాజులో వేలాడదీసిన బండి గుండెకి ఏ మేలూ చెయ్యదు.

చివరగా ఒక ఇంజనీరు మాట. ఎండ్యూరెన్స్ బండి హ్యాండిల్ కింద వాషర్లలాంటి రింగులుంటాయి. ఒళ్ళు అలవాటుపడ్డాక వాటిని ఒక్కొక్కటే తీసి హ్యాండిల్‌ని కిందికి దించుకోవచ్చు. రేసు బండి హ్యాండిల్‌ని పైకి ఎత్తాలంటే ఫోర్క్ గొట్టం పొడుగు అడ్డం వస్తుంది. కొనేముందు దుకాణం చుట్టూ ఒక్క చుట్టు తొక్కి సరిపెట్టుకోకండి. గంటసేపు తొక్కనిమ్మని అడగండి. దిగాక వేళ్ళు, మెడ, నడుము ఎలా ఉన్నాయో చూసుకుని, అప్పుడు ధర అడగండి.