ధనమెవ్వరిది? కథ యెవ్వరిది?

హరికథ చెప్పువానికి చిడుతలు చాలును. చలనచిత్రమున కట్లు కాదు. మొదటి దృశ్యము తీయుటకు మున్నే యంత్రములకును, నటవర్గపు భోజనవసతులకును ధనము వెచ్చింపవలెను; టిక్కెట్ల సొమ్ము చిట్టచివరగాని చేతికి రాదు. ఈ నడిమి కాలమున భారము మోయువాడే తరచుగా కథకును యజమాని యగుచుండును.

ఈ నియమమునకు లొంగనివియు కలవు. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు సారథి ఫిలిమ్సు పక్షమున 'రైతుబిడ్డ'ను తీసిరి. ఆ సంస్థకు అండ చల్లపల్లి జమీందారుగారు. చిత్రమో, జమీందారీ దౌష్ట్యమును నిరసించునది! ఇతర జమీందారు లాగ్రహించిరి. కొన్నిచోట్ల ప్రదర్శనయే నిషేధింపబడెను. పెట్టుబడి దొరకినను చిత్రము ప్రజలను చేరుట వేరొక గండమని దీనివలన తెలియుచున్నది.

ఇక మన తెలంగాణము. ఇచ్చటి రైతాంగపోరాటమును చూపిన 'మా భూమి' 1979లో నిర్మింపబడినది. నిర్మాతలు బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ గారలు, దర్శకుడు వంగదేశీయుడగు గౌతమ్ ఘోష్, మూలము కిషన్ చందర్ ఉర్దూ నవల. పేరుమోసిన తారల నాశ్రయింపక, కొత్త నటులతో, పల్లెపట్టున దీనిని తీసిరి. తారల వ్యయము లేనిచో అప్పు తగ్గును. అప్పు తగ్గినచో అప్పిచ్చినవాని పెత్తనమును తగ్గును. కనుకనే బండి యాదగిరి పాటను గద్దరు తెరపై మన పలుకుబడితోనే పాడగలిగెను.

పాలకీడు మొదలగు పూర్వపు నల్లగొండజిల్లా గ్రామములలో అట్టి కథ లింకను పెద్దల నాలుకలపై నున్నవి. వానిని చిత్రింపగోరు యువకుడు మీ గడప త్రొక్కినచో, ధన మీయలేకున్నను, మీ యరుగు నొకపూట యెరువిండు. అదియును పెట్టుబడియే.