సిస్టమ్‌డి అప్రమేయ అమరికలు

లినక్స్ కెర్నెల్‌పై ఆధారపడిన ఆపరేటింగ్ సిస్టములలో చాలావాటిలో సర్వీసులను ప్రారంభించి, పర్యవేక్షించి, అవసరమైనపుడు ఆపివేసే ప్రోగ్రాము పేరు సిస్టమ్‌డి. దీని ప్రక్రియ సంఖ్య 1. వెబ్ సర్వరు, డేటాబేసు, ప్రింటరు సర్వీసు వంటి ప్రతిదానికీ ఒక యూనిట్ ఫైలు ఉంటుంది. ఆ ఫైలులో ఏమీ చెప్పని విషయాలలో సిస్టమ్‌డి పాటించే విలువలను అప్రమేయ అమరికలు అంటారు. సంస్కృతంలో అప్రమేయము అంటే కొలవ వీలుకానిది అని అర్థం. కంప్యూటరు తెలుగులో మాత్రం "మన ప్రమేయం లేకుండానే ఉండేది" అన్న అర్థంలో వాడుతున్నారు. డిఫాల్టు అన్న మాట కూడా వాడుకలో ఉన్నది.

నేపథ్యం

సిస్టమ్‌డిని లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ రూపొందించారు. 2010 ఏప్రిల్ 30న దీనిని ప్రకటించారు. అంతకు ముందు విస్తృతంగా వాడుకలో ఉన్న సిస్టమ్ ఫైవ్ ఇనిట్ పద్ధతిలో ప్రతి సర్వీసుకూ ఒక షెల్ స్క్రిప్టు ఉండేది. ఎంతసేపు ఆగాలి, ఆగకపోతే ఏమి చేయాలి అన్నది ఆ స్క్రిప్టు వ్రాసినవారి ఇష్టం. అన్నిటికీ వర్తించే నియమాన్ని ఒకేచోట వ్రాయటానికి వీలుండేది కాదు. 2011లో ఫెడోరా 15, 2014లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7, 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 సిస్టమ్‌డితో విడుదలయ్యాయి.

అమరికల ఫైలు

అసలు విలువలు ప్రోగ్రామును కంపైల్ చేసేటపుడే నిర్ణయమవుతాయి. వాటిని మార్చదలచినవారికి సిస్టమ్.కాన్ఫ్ అనే ఫైలు ఉన్నది. ఇది సాధారణంగా /ఈటీసీ/సిస్టమ్‌డి/ డైరెక్టరీలో ఉంటుంది. దీనిలోని అమరికలన్నీ [మేనేజర్] అనే శీర్షిక క్రిందకు వస్తాయి. వాడుకరి లాగిన్ అయిన తరువాత అతని సొంత సర్వీసులను నడిపే మేనేజరుకు యూజర్.కాన్ఫ్ అనే వేరే ఫైలు ఉంటుంది. యూనిట్ ఫైలులో ఒక విలువ స్పష్టంగా వ్రాసి ఉంటే ఆ సర్వీసుకు అదే చెల్లుతుంది, అప్రమేయ విలువ చెల్లదు. ఈ ఒక్క నియమం తెలియక తికమకపడేవారు చాలామంది.

గడువులు

సర్వీసు ప్రారంభం కావటానికీ, ఆగిపోవటానికీ మూల ప్రాజెక్టు ఇచ్చిన గడువు 90 సెకన్లు. ఆపివేయవలసి వచ్చినపుడు సిస్టమ్‌డి ముందుగా సిగ్‌టర్మ్ అనే సంకేతం పంపి ముగించమని కోరుతుంది. గడువులోగా ముగించని ప్రక్రియను సిగ్‌కిల్ సంకేతంతో బలవంతంగా ఆపుతుంది. కంప్యూటరును మూసివేసేటపుడు తెరపై సెకన్లు లెక్కపెడుతూ కనిపించే సందేశానికి కారణం ఇదే. ఈ నిరీక్షణను తగ్గించటానికి 2023లో ఫెడోరా 38 ఆపివేత గడువును 45 సెకన్లు చేసింది. 15 సెకన్లు చాలునన్నది మొదటి ప్రతిపాదన.

ఇంట్లోని ల్యాప్‌టాప్‌కు తక్కువ గడువు సౌకర్యమే. డేటాబేసు నడిచే సర్వరులో అది ప్రమాదకరం. మధ్యలో బలవంతంగా ఆగిన డేటాబేసు, తిరిగి మొదలయినపుడు తన లాగు చదువుకొని కోలుకోవాలి. అందుకు పట్టే సమయం ప్రారంభ గడువును మించితే అది మరల ఆపివేయబడుతుంది. సర్వీసు అసలు పైకి రాకుండానే ఈ వరుస పునరావృతం కావచ్చును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పత్రాలలోని నమూనా యూనిట్ ఫైలు గడువును ఇన్ఫినిటీగా, అనగా అనంతంగా పెట్టటానికి కారణం ఇటువంటిదే.

విఫలమైన సర్వీసు అదుపు లేకుండా మళ్ళీ మళ్ళీ మొదలవకుండా మరొక కట్టడి ఉన్నది. 10 సెకన్లలో 5 సార్లకు మించి ప్రారంభించటానికి అప్రమేయంగా వీలులేదు.

వనరుల పరిమితులు

ఒక ప్రక్రియ ఒకేసారి తెరచి ఉంచగల ఫైళ్ళకు రెండు పరిమితులున్నాయి. మృదు పరిమితి 1024, కఠిన పరిమితి 5,24,288. ఇంత తేడా పొరపాటున వచ్చినది కాదు. సెలెక్ట్ అనే పాత సిస్టమ్ కాల్ 1023 కంటే పెద్ద ఫైలు సంఖ్యలను పట్టుకోలేదు. దానిపై ఆధారపడిన పాత ప్రోగ్రాములు దెబ్బతినకుండా మృదు పరిమితిని తక్కువగానే ఉంచారు. ఎక్కువ ఫైళ్ళు కావలసిన ప్రోగ్రాము కఠిన పరిమితి వరకు తానే పెంచుకోవచ్చును. అన్ని సర్వీసులకూ మృదు పరిమితిని ఒక్కసారిగా పెంచటం మంచిది కాదు.

ఒక సర్వీసులో ఎన్ని టాస్కులు ఉండవచ్చునన్న పరిమితిని 2015లో 512గా పెట్టారు. పెద్ద సర్వరులకు అది చాలలేదు. 2016లో దానిని కెర్నెల్ పరిమితిలో 15 శాతంగా మార్చారు. కెర్నెల్ పరిమితి 32,768 అయితే ఇది 4,915 అవుతుంది.

మార్చే పద్ధతి

అసలు ఫైలును దిద్దటం కంటే, సిస్టమ్.కాన్ఫ్.డి అనే డైరెక్టరీలో .కాన్ఫ్ తో ముగిసే చిన్న ఫైలు చేర్చటం మేలు. అటువంటి ఫైళ్ళు పేర్ల అక్షరక్రమంలో చదవబడతాయి. ఒకే అమరిక రెండింటిలో ఉంటే చివర చదివినదే నిలుస్తుంది. అందుకే పేరు ముందు 10, 50 వంటి అంకెలు పెట్టటం ఆనవాయితీ. ఆపివేత గడువు మార్చటానికి ఆ ఫైలులో రెండే వరుసలు చాలు:

[మేనేజర్]
డిఫాల్ట్‌టైమవుట్‌స్టాప్‌సెక్=30ఎస్

తరువాత రూట్ హోదాలో "సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీఎగ్జెక్" ఆదేశం ఇవ్వాలి, లేదా కంప్యూటరును తిరిగి ప్రారంభించాలి. అప్పటికే నడుస్తున్న సర్వీసులకు ఫైళ్ళ పరిమితి వంటివి ఆ సర్వీసును మరల మొదలుపెట్టేవరకూ మారవు. ప్రస్తుతం అమలులో ఉన్న అప్రమేయ విలువలను "సిస్టమ్‌సీటీఎల్ షో" ఆదేశం చూపుతుంది. అందులో 90 సెకన్లు 1 నిమిషం 30 సెకన్లుగా కనిపిస్తాయి.