ఫ్యామిలీ రూమ్ తెర వెనక

"ఎంతమందమ్మా?"

హోటల్లో అడుగుపెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ నేను "ఒక్కదాన్నే" అని చెప్పిన ప్రతిసారీ సర్వర్ చూపు నా భుజం మీదుగా వెనక్కి వెళ్తుంది. వెనక ఎవరో వస్తూ ఉంటారని అతని నమ్మకం. నాకు అరవై దగ్గరపడుతున్నా ఆ చూపు మారలేదు. మగవాడు ఒక్కడే వస్తే ఎవరూ వెనక్కి చూడరు, ఖాళీ కుర్చీ చూపిస్తారు.

హోటళ్ళ చరిత్ర అనగానే మనవాళ్ళు ఉడిపి వాళ్ళ దగ్గర మొదలుపెట్టి మసాలా దోసె, ఫిల్టర్ కాఫీల మీదుగా పిజ్జా, బర్గర్ల దాకా వస్తారు. ఆ బల్లముందు ఆడది ఎప్పుడు కూచుంది, ఏ షరతు మీద కూచుంది అనే ప్రశ్న ఆ కథల్లో నాకు పెద్దగా కనబడలేదు. అందుకే నేను చూసినవీ చదివినవీ కలిపి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1976లో అనుకుంటాను, అమ్మకు ఒంట్లో బాగాలేక నాయన మమ్మల్ని మొదటి బస్సులో చిత్తూరుకు తీసుకొచ్చాడు. పరగడుపున రక్తపరీక్ష. అది అయ్యేసరికి పదిగంటలు దాటింది. నాయన ఒక హోటలుకు తీసుకుపోయాడు. హాలంతా మగవాళ్ళే. ఒక మూల చెక్కలతో అడ్డం కట్టి, ఆకుపచ్చ గుడ్డ వేలాడదీసి, పైన 'ఫ్యామిలీ రూమ్' అని రాసి ఉంది. మేం ఆ తెర వెనక్కి పోయాం. సర్వర్ వచ్చి నాయన్నే అడిగాడు. అమ్మకేం కావాలో కూడా నాయనే చెప్పాడు. అమ్మ నోరు తెరవలేదు.

దోసె వచ్చింది. పెనం మీంచి నేరుగా వచ్చినట్టుంది, పొగలు కక్కుతోంది. అమ్మ తెరవైపు ఒకసారి చూసి, ఎవరూ రారని రూఢి చేసుకుని తినడం మొదలుపెట్టింది. అమ్మ వేడి దోసె తినడం నేను చూడడం అదే మొదలు. ఇంట్లో దోసెలు పోసినరోజు నాయనకూ అవ్వకూ మాకూ అందరికీ పోసి, ఆఖర్న గిన్నె గోకి వచ్చిన పిండితో ఒకటో రెండో పోసుకునేది. అది కూడా ఏ పని మధ్యలోనో చల్లారినాక తినేది. తిరుగు బస్సులో మెల్లగా నాతో అనింది: "వొకరు పోసిస్తే కూసోని తింటే ఎట్లుంటాదో ఈ పొద్దు తెలిసింది మే."

తర్వాత చదువుకుని, మీటింగులకు పోయి, పితృస్వామ్యం అనే మాట నేర్చుకున్నాక ఆ తెర మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ తెర లేకపోతే అమ్మ ఆ దోసె తినేదే కాదు. ఈ రెండు సంగతుల్నీ ఒకదానితో ఒకటి కొట్టేయకుండా చూడడం నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అసలు తెలుగునాట డబ్బుకు అన్నం పెట్టే చోటు హోటలుతో మొదలు కాలేదు. దానికి ముందు పూటకూళ్ళ ఇల్లు ఉంది. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగే ఇద్దరు మిత్రులు పూటకూటి ఇంటి భోజనం గురించి మాట్లాడుకుంటారు. అంటే అది శతాబ్దాల నాటి సంగతి. పంతొమ్మిదో శతాబ్దానికొస్తే పూటకూళ్ళ ఇల్లు అనగానే మనకు గుర్తొచ్చేది కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ. 1892లో మొదట ప్రదర్శించిన ఆ నాటకంలో ఆమెకు సొంత పేరు లేదు, ఆమె చేసే పనే ఆమె పేరు. ఆమె వితంతువు. సరుకులు తెస్తానని ఆమె దగ్గర డబ్బు తీసుకుని గిరీశం వేరే చోట ఖర్చుపెట్టేస్తాడు. మనం గిరీశం మాటలకు నవ్వుతాం. ఆమె పొయ్యి దగ్గర నిలబడి సంపాదించిన డబ్బు అది అని ఎంతమందికి తడుతుంది?

ఇంటి నుంచి ఆస్తి రాని, మళ్ళీ పెళ్ళి లేని ఆడదానికి వంట ఒక్కటే మిగిలిన విద్య. దాన్ని ఆమె బతుకుతెరువు చేసుకుంది. సంఘం ఆమె అన్నం తిని, ఆమె నడవడి గురించి గుసగుసలాడుకుంది.

మా తిరుపతికి దీన్ని మించిన ఉదాహరణ ఉంది. తరిగొండ వెంగమాంబ పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి. ఆమెది మా చిత్తూరు సీమలోని తరిగొండ. ఇప్పుడది అన్నమయ్య జిల్లాలో చేరింది. చిన్నతనంలోనే భర్త పోయిన ఆమె, వితంతువుకు విధించిన ఆచారాలకు లొంగలేదని కథలు చెబుతాయి. తిరుమల చేరి కావ్యాలు రాసింది, యాత్రికులకు అన్నం పెట్టించింది. తిరుమలలో నిత్యాన్నదానం పథకం 1985లో మొదలైంది. 2011లో కట్టిన పెద్ద అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. ఈరోజు వేలమంది ఆమె పేరున్న కప్పు కింద బంతిలో కూచుని తింటున్నారు. ఆడా మగా పక్కపక్కనే కూచుంటారు, అక్కడ ఎవరికీ తెర అవసరం పడలేదు.

మరి పూటకూళ్ళ ఇంటి నుంచి హోటలుకు వచ్చేసరికి ఏం జరిగింది? పందొమ్మిదో శతాబ్దం చివర్లో మా ప్రాంతానికి రైలు వచ్చింది. 1944లో తిరుమలకు ఘాట్ రోడ్డు పడింది. యాత్రికులు పెరిగారు. అంతకుముందు యాత్ర అంటే ఆడవాళ్ళు కట్టుసద్ది మోసుకుపోవడం, అది అయిపోతే సత్రం వసారాలో మూడు రాళ్ళు పెట్టి మళ్ళీ వండడం. కాఫీ క్లబ్బులూ హోటళ్ళూ వచ్చాక ఆ పని కొంత తగ్గింది. అది చిన్న మేలు కాదు. కానీ కొత్త హోటల్లో వంటమాస్టరు మగవాడు, సర్వరు మగవాడు, గల్లాపెట్టె దగ్గర మగవాడు. వంటకు జీతం వచ్చేసరికి అది మగవాడి పని అయింది. అంతకుముందే మన భాష అద్భుతమైన వంటకు నలభీమపాకం అని ఇద్దరు మగవాళ్ళ పేరు పెట్టుకుని సిద్ధంగా ఉంది. పూటకూళ్ళమ్మ వెనక్కి పోయింది. ఆమె స్థానంలో హోటల్లోకి వచ్చిన ఆడది 'ఫ్యామిలీ'.

కులం సంగతి చెప్పకుండా హోటలు చరిత్ర చెప్పడం అబద్ధం అవుతుంది. చిత్తూరు జిల్లా 1911 నుంచి 1953 దాకా మద్రాసు ప్రభుత్వం కింద ఉండేది. మద్రాసు హోటళ్ళ వాసన మా ఊళ్ళ మీద బాగా ఉండేది, వాటి బోర్డుల మీద ఉండే 'బ్రాహ్మణ' అన్న మాటతో సహా. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ బోర్డు మీద ఆ మాట తీసేయాలని పెరియార్ నాయకత్వంలో ద్రావిడ కళగం నెలల తరబడి ఆందోళన చేసింది. అప్పటికే రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడేళ్ళయింది. 15వ అధికరణం రెండో క్లాజు దుకాణాలు, హోటళ్ళు, భోజనశాలల పేర్లు చెప్పి మరీ, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవర్నీ అడ్డుకోకూడదంటుంది.

'లింగం' అన్న మాట అక్కడ ఉందని గమనించండి. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం హోటళ్ళలో జాతి వివక్షను నిషేధించింది గానీ, ఆ భాగంలో స్త్రీల ప్రసక్తి లేదు. అందుకే 1969 ఫిబ్రవరిలో బెట్టీ ఫ్రీడన్, ఆమె సహచరులు న్యూయార్క్ ప్లాజా హోటల్లో మధ్యాహ్నం పూట మగవాళ్ళకే కేటాయించిన ఓక్ రూమ్‌లోకి వెళ్ళి కూచోవలసి వచ్చింది. మన ఆడవాళ్ళకు ఆ హక్కు 1950 నుంచే కాగితం మీద ఉంది. మనల్ని ఎవరూ గుమ్మం దగ్గర ఆపలేదు. లోపలికి రమ్మని, తెర వెనక కూచోమన్నారు. అడ్డుకుంటే పోరాడవచ్చు, మర్యాద చేస్తే ఎవరితో పోరాడతాం?

1980ల్లో నేను తిరుపతికి చదువుకోవడానికి వచ్చాను. శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లో మొదలైంది. ఊరి నిండా హాస్టలు అమ్మాయిలు. ఒకరోజు నలుగురం సినిమా చూసి ఒక హోటలుకు పోయి హాల్లోనే కూచున్నాం. మేనేజరు వచ్చి, "లోపల కూచోండమ్మా, ఇక్కడ మగోళ్ళుంటారు" అన్నాడు. "ఉండనీండి" అన్నాను. మా టేబుల్ దగ్గరికి సర్వరు రావడానికి అరగంట పట్టింది. మేం అక్కడే తిన్నాం. పెద్ద విజయం సాధించినట్టు నేను దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను.

మాలో ఒకమ్మాయి మాత్రం ఏమీ మాట్లాడలేదు. హాస్టలుకు చేరాక అనింది: "మా ఊరి టీకొట్టులో మా నాయనకు గ్లాసు వేరే. తాగి, కడిగి, చూరులో పెట్టి రావాల. ఈడ నన్ను కులమడక్కుండా పలహారం పెట్టినారు. తెర ముందరా ఎనకా అనేది నాకు తోచనేలేదు." అంటరానితనాన్ని నేరం చేసిన చట్టం 1955లోనే వచ్చింది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకే హోటల్లో, ఒకే టేబుల్ దగ్గర ఆమె తిన్నదీ నేను తిన్నదీ ఒకటి కాదు. పెద్ద ఊరి హోటలు ఆమెకు అనామకత్వం ఇచ్చింది. అలాంటిది ఒకటి కావాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఎందుకంటే నాకు దాని అవసరమే రాలేదు.

ఆ తర్వాత 'ఫ్యామిలీ' అన్న మాటకు ఇంకో అర్థం వచ్చింది. ఊళ్ళలో 'బార్ అండ్ రెస్టారెంట్' బోర్డులు పెరిగి, రెస్టారెంట్ అంటేనే ఆడవాళ్ళు పోగూడని చోటు అయింది. మా పక్క జిల్లా నెల్లూరులోని దూబగుంట నుంచి ఎగసిన సారా వ్యతిరేక ఉద్యమం వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలించారు. మద్యం ఉండదని చెప్పడానికి 'ఫ్యామిలీ రెస్టారెంట్' అన్న బోర్డులు పనికొచ్చాయి. తెర పోయింది గానీ, దాని మీది మాట ఎక్కి ముందు బోర్డు మీద కూచుంది. మగవాడికి హోటలు, కుటుంబానికి ఫ్యామిలీ హోటలు. ఒంటరి ఆడది ఈ రెంటిలో దేనికింద వస్తుంది?

ఇప్పుడు తిరుపతిలో బర్గర్లు, పిజ్జాలు అమ్మే చోట్లు చాలా వచ్చాయి. సాయంత్రం పోతే కాలేజీ అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కలిసి, ఒక్కోసారి ఒక్కరే, ఫోను చూసుకుంటూ తింటూ ఉంటారు. కౌంటర్ దగ్గర నిలబడి తమకేం కావాలో తామే చెప్పి, తామే తెచ్చుకుంటారు. ఎంతమందని అడిగేవాళ్ళే లేరు. వ్యాపారం కోసం చేసిన ఏర్పాటే అయినా, నాకు ఆ దృశ్యం సంతోషంగా ఉంటుంది. బహుళజాతి కంపెనీల మీద మనం చేసే విమర్శ నేను మరిచిపోలేదు. ఆ పిల్లల నిశ్చింత కూడా నిజమే. అయితే ఆ ఒక్క బర్గరు డబ్బుతో మా వీధి ఇడ్లీబండి దగ్గర ఒక ఇంటిల్లిపాదీ తినవచ్చు. నిశ్చింతకు ఇంత ధర పెడితే అది ఎంతమందికి అందుతుంది?

ఆ ఇడ్లీబండి నడిపే అక్కే నాకు పూటకూళ్ళమ్మలా కనబడుతుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి పిండి, చెట్నీ సిద్ధం చేసుకుంటుంది. బండి పెట్టేది రోడ్డు పక్కన. కూచోడానికి ఆమెకు స్టూలు కూడా లేదు, చుట్టుపక్కల మరుగుదొడ్డి లేదు. పదింటిదాకా నీళ్ళు తాగదు. 2014లో వీధి వర్తకుల చట్టం వచ్చింది. పట్టణ వెండింగ్ కమిటీలో ఉండే వర్తకుల ప్రతినిధుల్లో మూడోవంతు స్త్రీలు ఉండాలని అందులో ఉంది. ఆ కమిటీ మాట ఆమె చెవిన పడలేదు. హోటళ్ళ గురించి మనం రాసే చరిత్రలో ఈమె లేకపోతే ఆ చరిత్ర మళ్ళీ నలుడికీ భీముడికీ పోతుంది.

మన ఆత్మకథల్లో వంటింటి గురించి చాలా రాసుకున్నాం. బయట తిన్న మొదటి అన్నం గురించి కూడా రాయాలి. ఎవరు తీసుకుపోయారు, ఎక్కడ కూచోబెట్టారు, డబ్బు ఎవరిచ్చారు, అసలు లోపలికి రానిచ్చారా, ఇంటికొచ్చాక ఎవరేమన్నారు? మన అమ్మల్ని అడగడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. మా అమ్మను నేను అడగనేలేదు. బస్సులో ఆ ఒక్కమాట అనకపోయి ఉంటే నాకీమాత్రం కూడా తెలిసేది కాదు.

పోయిన నెల ఇడ్లీబండి అక్కను బర్గరు తిందాం రమ్మన్నాను. "అది నాకొద్దు, కూసోబెట్టి దోసె పెట్టే చోటైతే వస్తా" అనింది. ఇద్దరం ఒక హోటలుకు పోయాం. "ఎంతమందమ్మా?" అన్నాడు సర్వరు. "ఇద్దరం" అన్నాను. "పైన ఏసీ ఫ్యామిలీ ఉంది, ప్రశాంతంగా ఉంటుంది, పొండి" అన్నాడు, మర్యాదగానే.

అక్క వంటింటి గాజు తలుపు ఎదురుగా ఉన్న టేబుల్ దగ్గర అప్పటికే కూచునేసింది.

"ఈడే కూసుంటాం. ఆ మడిసి దోసె ఎట్ల పోస్తాడో చూడల్ల నేను."